స్పెయిన్ కింది డివిజన్లలో స్ట్రైకర్ బతుకు: జూన్ 30 నుంచి జూన్ 30 దాకా

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మీ తమ్ముడికి 19 ఏళ్లు, సెంటర్ ఫార్వర్డ్ (అంటే గోల్స్ కొట్టాల్సిన స్ట్రైకర్), హైదరాబాద్‌లో లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాడు. ఒక ఏజెంట్ స్పెయిన్‌లో పది నెలల అకాడమీ, ఆ తర్వాత "మూడో డివిజన్" క్లబ్బులో చోటు అంటున్నాడు. పెద్ద క్లబ్బుల దాకా వెళ్లని స్ట్రైకర్ కెరీర్ అక్కడ ఎలా నడుస్తుంది, దాని మీద బతకొచ్చా అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది తెనాలి. బార్సిలోనాలో పీజీ చేసి, ఆ చుట్టుపక్కల కింది డివిజన్ క్లబ్బుల్లో ఆరు సీజన్లు పనిచేశాను. నేను కోచ్‌ని కాదు, ఏజెంట్‌ని అసలే కాదు. కానీ ఆటగాడు కోచ్‌కి చెప్పని సంగతులు, ఒక్కోసారి ఇంట్లో కూడా చెప్పనివి, ఫిజియో బల్ల మీద బోర్లా పడుకుని చెప్తాడు. నేను చెప్పగలిగేది ఆ బల్ల దగ్గర నుంచి కనిపించినదే.

ముందు ఆ "మూడో డివిజన్" సంగతి తేల్చుకోండి. స్పెయిన్‌లో పైన లాలిగా, 20 జట్లు. దాని కింద సెగుందా, 22 జట్లు. పూర్తి ప్రొఫెషనల్ లీగులు ఈ రెండే. 2021 దాకా మూడో మెట్టుని సెగుందా బి అనేవారు. నాలుగు గ్రూపుల్లో మామూలుగా 80 జట్లు ఉండేవి. 2021లో ఫెడరేషన్ దాన్ని రెండుగా విడగొట్టింది. 40 జట్లతో ప్రిమేరా ఫెదెరాసియోన్ మూడో మెట్టు అయింది, 90 జట్లతో సెగుందా ఫెదెరాసియోన్ నాలుగో మెట్టు అయింది. అంతకుముందు నాలుగోదిగా ఉన్న తెర్సేరా ఐదో మెట్టుకి జారింది. తెర్సేరా అంటే స్పానిష్‌లో "మూడోది" అనే అర్థం. అంటే పేరేమో మూడు, మెట్టేమో ఐదు. 18 గ్రూపులుగా దేశమంతా పరుచుకుని ఉండే లీగు అది. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి ఎనిమిదింటికి ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లు అక్కడ చాలామంది. మీ ఏజెంట్ అబద్ధం చెప్పడం లేదు, అలాగని నిజమూ చెప్పడం లేదు.

ఇక అసలు విషయం. మనం ఊహించుకునే కెరీర్ గోల్స్ లెక్క మీద నడుస్తుంది. వాళ్ల కెరీర్ నడిచేది క్యాలెండర్ మీద. స్పెయిన్‌లో ప్రొఫెషనల్ క్రీడాకారుల ఉద్యోగాలకి 1985 నాటి ప్రత్యేక చట్టం ఉంది, 1006వ నంబరు రాయల్ డిక్రీ. దాని ప్రకారం క్రీడాకారుడి కాంట్రాక్టుకి ఎప్పుడూ ఒక గడువు ఉండి తీరాలి. ఫ్యాక్టరీ కార్మికుడిలా అతను పర్మనెంట్ కాలేడు. పై లీగుల్లో ఆ గడువు నాలుగైదేళ్లు ఉంటుంది. కింద దాదాపు అందరిదీ ఏడాదే, జూన్ 30తో సరి. కొన్ని క్లబ్బులు ఆగస్టులో మొదలుపెట్టి పది నెలలకే రాయిస్తాయి. 15 ఏళ్లు ఆడినవాడి కెరీర్‌లో పది పన్నెండు క్లబ్బుల పేర్లు కనిపిస్తే నిలకడ లేదనో టాలెంట్ లేదనో అనుకుంటాం. అతను ఏటా జూలై 1న నిరుద్యోగి, మళ్లీ ఏటా ఉద్యోగం తెచ్చుకుంటున్నాడు, అంతే. స్పానిష్‌లో ఇలాంటివాళ్లని ట్రోటాముందోస్ అంటారు, దేశాలు పట్టి తిరిగేవాడు అని. తిరగడం వాళ్ల సరదా ఏమీ కాదు.

నేను పనిచేసిన ఒక క్లబ్బులో మా తొమ్మిదో నంబరు ఆటగాడికి అప్పుడు 31. పేరు రాయను, "మా తొమ్మిది" అంటాను, అక్కడ స్ట్రైకర్‌ని అలాగే పిలుస్తారు. ఒకసారి భోజనానికి వాళ్లింటికి వెళ్లాను. టీవీ వెనక గోడకి ఆనించి, మడత పెట్టిన ఆ టీవీ అట్టపెట్టె ఉంది. మైక్రోవేవ్ పెట్టె మంచం కింద ఉంది. పిల్ల సైకిల్ పెట్టె కూడా దాచారు. ఆ పెట్టెలు ఎందుకని అడిగితే వాళ్లావిడ నవ్వి, ఇది ఎనిమిదో ఇల్లు, ఒక్క కప్పు కూడా పగలకుండా మారడం నేర్చుకున్నాం అంది. పిల్లకి ఏడేళ్లు, అది మూడో స్కూలు. మొదటి స్కూల్లో వలెన్సియా భాష, రెండోదాంట్లో గలీసియా భాష, ఇక్కడ కాటలాన్. మన దగ్గర ట్రాన్స్‌ఫర్ల మీద తిరిగే బ్యాంకు ఉద్యోగి పిల్లలు గుర్తొచ్చారు నాకు. తేడా ఏంటంటే, ఆ ఉద్యోగికి వచ్చే ఏడు కూడా జీతం వస్తుందని తెలుసు.

అతని కాంట్రాక్టులో ఒక షరతు ఉంది: సీజన్‌లో 25 మ్యాచ్‌లు, ఒక్కోదాంట్లో కనీసం 45 నిమిషాలు ఆడితే ఇంకో ఏడాది దానంతట అదే పొడిగింపు. కింది డివిజన్లలో ఇలాంటి షరతులు మామూలే. మార్చి చివరికి 24 అయ్యాయి. అప్పటికి 11 గోల్స్ కొట్టాడు, ఫిట్‌గా ఉన్నాడు, కట్టు కట్టింది నేనే కాబట్టి నాకు తెలుసు. ఆ తర్వాతి ఆదివారం బెంచి మీద కూర్చోబెట్టారు. రెండో సగంలో వార్మప్ చేయమన్నారు. గీత పక్కన ముప్పై ఐదు నిమిషాలు అటూ ఇటూ పరిగెత్తాడు, 89వ నిమిషంలో లోపలికి పంపారు. మరుసటి వారమూ అంతే. మూడో వారం నా బల్ల మీద పడుకుని, పిక్కలు నొక్కుతుంటే, "నా కాలికి ఏమీ లేదు కదా, నువ్వు రాసి ఇవ్వగలవా?" అన్నాడు. రాసి ఇచ్చాను. ఆ కాగితం ఎవరూ చదవలేదు. సీజన్ 24 దగ్గరే ముగిసింది. కోచ్ చెడ్డవాడు కాదు, పైనుంచి ఫోన్ వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. మా తొమ్మిది గొడవ చేయలేదు. గొడవ చేసేవాడని పేరొస్తే తర్వాతి క్లబ్బు దొరకదు.

స్ట్రైకర్‌కే ఇది ఎక్కువ ఎందుకంటే, అతని పని అంకెల్లో కనిపిస్తుంది. సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు కాపు కాసే డిఫెండర్, బాగా ఆడాడా లేదా అన్నది వాదించుకోవచ్చు. తొమ్మిది విషయంలో ఇంటర్నెట్‌లో ఒక్క క్లిక్కుతో తేలిపోతుంది. 15 గోల్స్ కొడితే జూలైలో ఫోను మోగుతుంది. 4 కొడితే మోగదు. ఆ నాలుగు గోల్స్ సీజన్‌లో జట్టు బంతి ఎన్నిసార్లు అతని దాకా వచ్చిందో, మోకాలికి నీరు పట్టి ఎన్ని వారాలు ఇంజెక్షన్ల మీద ఆడాడో ఆ పేజీలో ఉండదు. పైగా కింది లీగుల్లో తొమ్మిది పని చాలావరకు గోల్ కొట్టడం కాదు. చిన్న గ్రౌండు, ఆర్టిఫిషియల్ టర్ఫ్, ఎదురుగాలి. మన గోల్‌కీపర్ పొడవుగా కొట్టిన బంతికి, 35 ఏళ్ల సెంటర్ బ్యాక్ మోచేయి వీపులో గుచ్చుకుంటుండగా ఎగిరి, తలతో పక్కకి నెట్టాలి. ఒక మ్యాచ్‌లో ముప్పై సార్లు. సోమవారం నా దగ్గరికి వచ్చేసరికి వీపంతా నీలాలు, చీలమండ ఉబ్బి బూటులో పట్టదు. తొడ వెనక కండరం ఒకసారి చిరిగినవాడికి మళ్లీ చిరిగే అవకాశం ఎక్కువ, అది వాడికీ తెలుసు, కొత్త క్లబ్బు డాక్టర్‌కీ తెలుసు. అందుకే మెడికల్ టెస్టు ముందు రోజు వాళ్ల టెన్షన్ చూడాలి, ఇంటర్ రిజల్ట్స్ ముందు పిల్లల టెన్షన్ దాని ముందు ఏమీ కాదు.

అదృష్టం కలిసొచ్చిన కథ లేదా అంటే ఉంది, ఎన్రిక్ గాయేగోది. 1986లో బార్సిలోనాలో పుట్టాడు. ముప్పై దాటేదాకా కాటలోనియా చిన్న క్లబ్బుల్లోనే ఆడాడు, ఇల్లు గడవడానికి ఏసీలు బిగించే పని లాంటివి చేశాడు. కోర్నెయా అనే అలాంటి ఒక చిన్న క్లబ్బులో గోల్స్ కొడుతుంటే 2018 జనవరిలో ఎస్త్రెమదూరా అనే క్లబ్బు తీసుకుంది. ఆ వేసవిలో ఆ జట్టు సెగుందాకి ఎక్కింది. సెగుందాలో మొదటి సగం సీజన్‌లోనే అతను 15 గోల్స్ కొట్టాడు. 2019 జనవరిలో లాలిగాలో ఉన్న ఊయెస్కా పిలిచింది. 32 ఏళ్లకి మొదటిసారి టాప్ డివిజన్. ఆ తర్వాత గెతాఫె, ఒసాసునా, తెనెరిఫే. స్పెయిన్‌లో ప్రతి ట్రోటాముందోస్ నోటా ఈ పేరు వింటాను. "గాయేగోకి 32కి వచ్చింది, నాకింకా 29యే" అంటారు. నాకు మాత్రం అందులో కనిపించేది ఇంకోటి: 2018 జనవరిలో ఆ ఒక్క ఫోన్ రాకపోయి ఉంటే ఆ గోల్స్ అన్నీ కోర్నెయాలోనే ఉండిపోయేవి. ఆట అదే, కాళ్లు అవే.

అతన్ని పైకి లేపిన ఎస్త్రెమదూరా సంగతి కూడా చెప్పాలి. ఆ క్లబ్బు ఇప్పుడు లేదు. అప్పులు పెరిగి, జీతాలు ఆగి, 2022లో సీజన్ మధ్యలోనే మూతపడింది. డబ్బు గురించి అడిగారు కదా, ఇక్కడ మొదలవుతుంది. పై రెండు డివిజన్లకి లీగుకీ ఆటగాళ్ల యూనియన్‌కీ ఒప్పందం ఉంది, కనీస జీతం రాసి ఉంటుంది. ఆ కింద ఉన్న మగవాళ్ల లీగులకి ఆ రక్షణ లేదు. మూడో మెట్టులో బాగా డబ్బున్న క్లబ్బులో పేరున్న స్ట్రైకర్ హాయిగా బతుకుతాడు. అదే మెట్టులో పేద క్లబ్బులో కుర్రాడికి దేశపు కనీస వేతనం చుట్టూ తిరిగే జీతం. నాలుగో మెట్టులో చాలామందికి ఇంటి అద్దె క్లబ్బు కట్టడమే పెద్ద వరం. ఐదో మెట్టులో పెట్రోలు డబ్బులు.

అందుకే రెండో పని మామూలు. పాబ్లో ఇన్‌ఫాంతే అని మిరాందేస్ క్లబ్బు ఫార్వర్డ్ ఒకాయన ఉండేవాడు. బుర్గోస్ ప్రాంతంలో ఒక పల్లెలో బ్యాంకు బ్రాంచి మేనేజర్. 2011-12 సీజన్ కోపా దెల్ రేయ్‌లో, అంటే అన్ని మెట్ల జట్లూ కలిసి ఆడే స్పెయిన్ కప్ టోర్నీలో, మూడో మెట్టులో ఉన్న ఆ జట్టు వియారియాల్‌నీ, రాసింగ్‌నీ, ఎస్పాన్యోల్‌నీ ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లింది. మూడూ టాప్ డివిజన్ జట్లు. ఇన్‌ఫాంతే ఏడు గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్. రాత్రి ఎస్పాన్యోల్ మీద గోల్ కొట్టి పొద్దున్నే లోన్ ఫైళ్లు చూసే మనిషి.

జీతం రాకపోవడం మాత్రం ఎవరికీ అలవాటు కాదు. 2014 జనవరి 30న రాసింగ్ దె సాంతాందేర్ ఆటగాళ్లు చేసిన పని ఇప్పటికీ డ్రెస్సింగ్ రూముల్లో చెప్పుకుంటారు. రెండేళ్లలో రెండు డివిజన్లు దిగి మూడో మెట్టులో ఉన్నారు, నెలల తరబడి జీతాల్లేవు. అయినా కోపా క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చారు, ఎదురుగా రియల్ సోసియెదాద్. బోర్డు రాజీనామా చేయకపోతే ఆడం అని ముందే చెప్పారు. విజిల్ మోగింది. రాసింగ్ జట్టు సెంటర్ సర్కిల్ దగ్గర భుజాల మీద చేతులు వేసుకుని వరుసగా నిలబడింది. బెంచి మీదివాళ్లు కూడా గీత దగ్గర అలాగే నిలబడ్డారు. సోసియెదాద్ వాళ్లు కాసేపు బంతిని అటూ ఇటూ తట్టి బయటికి కొట్టేశారు. నిమిషం తిరక్కుండానే రిఫరీ మ్యాచ్ ఆపేశాడు. అదే సీజన్ చివర వాళ్లు సెగుందాకి ప్రమోషన్ కూడా సాధించారు. 2019 జనవరిలో రెయుస్ అనే సెగుందా క్లబ్బునైతే సీజన్ సగంలోనే లీగు నుంచి బయటికి పంపారు, ఆటగాళ్లు పెట్టే బేడా సర్దుకుని దొరికిన క్లబ్బుకి వెళ్లిపోయారు.

నేను పనిచేసిన ఇంకో క్లబ్బులో నాకు కూడా మూడు నెలలు బాకీ. పేరెందుకు, ఇప్పుడు యాజమాన్యమే మారిపోయింది. ఆ రోజుల్లో ఏప్రిల్‌లో టేపింగ్ రోల్స్ అయిపోతే మందుల షాపులో నా డబ్బులతో కొన్నాను. ఆటగాళ్లకి కనీసం ఒక దారి ఉంది: యూనియన్, ఏఎఫ్‌ఈ అంటారు, 1978లో పెట్టింది. బాకీలు నిర్ణీత తేదీలోగా తీర్చకపోతే క్లబ్బుని ఆట ఫలితాలతో సంబంధం లేకుండా కింది డివిజన్‌కి దించే నియమం ఉంది. దానికి భయపడి చివరి రోజున బ్యాంకుల చుట్టూ పరిగెత్తే అధ్యక్షుల్ని చూశాను. ఫిజియోలకి ఆ యూనియన్ లేదులెండి.

జూలైలో పని లేని ఆటగాళ్లకి అదే యూనియన్ ట్రైనింగ్ శిబిరాలు నడుపుతుంది, ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడిస్తుంది. అక్కడికి వెళ్లడం కొందరికి నామోషీ. మా తొమ్మిది వెళ్లాడు. ఇంట్లో కూర్చుని ఫోను చూస్తూ ఉంటే బరువు పెరుగుతుందన్నాడు. నిరుద్యోగ భృతి లెక్క కూడా అక్కడే నాకు చెప్పాడు: గత ఆరేళ్లలో ఉద్యోగంలో ఉండి కనీసం 360 రోజుల సోషల్ సెక్యూరిటీ చందా కట్టి ఉంటే నాలుగు నెలల భృతికి హక్కు. పది నెలల కాంట్రాక్టు ఒక్కటే ఉన్న కుర్రాడికి ఆ 360 రావు. ఈ లెక్క మీ తమ్ముడి లాంటివాళ్లకి ఏ ఏజెంటూ చెప్పడు.

ముప్పై దాటాక ఇంకో దారి మన వైపుకే ఉంది. కోరో అని అందరూ పిలిచే ఫెర్రాన్ కోరోమినాస్ 2006లో సీజన్ ఆఖరి రోజు ఆఖరి నిమిషాల్లో గోల్ కొట్టి ఎస్పాన్యోల్‌ని కింది డివిజన్‌కి దిగిపోకుండా కాపాడినవాడు. తర్వాత జిరోనా, ఎల్చె, మయోర్కా, సైప్రస్‌లో ఒక క్లబ్బు తిరిగి 2017లో ఎఫ్‌సీ గోవాకి వచ్చాడు. వరసగా రెండు సీజన్లు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టాప్ స్కోరర్, 18 గోల్స్ ఒకసారి, 16 ఇంకోసారి. కెనరీ దీవుల అరిదానె సంతానా తెనెరిఫే, కుల్తురాల్ లియోనెసా లాంటి క్లబ్బుల్లో ఆడి ఒడిశా ఎఫ్‌సీకి, అక్కడి నుంచి 2020-21లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. కెప్టెన్, పది గోల్స్. కానీ కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలో ఖాళీ స్టేడియాల్లో జరిగింది. అంటే ఏడాదంతా హైదరాబాద్‌కి కెప్టెన్‌గా ఉండి, గచ్చిబౌలిలో ఆ జెర్సీతో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండా వెళ్లిపోయాడు. ట్రోటాముందోస్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్కటే చెప్తాను. అతని తర్వాత వచ్చిన ఒగ్బెచె నైజీరియావాడు, పారిస్‌లో మొదలై అలావెస్, వల్లాడోలిడ్, కాదిస్, షెరెజ్ మీదుగా తిరిగినవాడే. 2021-22లో 18 గోల్స్ కొట్టి, హైదరాబాద్ ట్రోఫీ గెలిచినప్పుడు అతని వయసు 37.

ఇటు నుంచి అటు వెళ్లినవాళ్లలో మీ తమ్ముడు తెలుసుకోవాల్సింది ఇషాన్ పండిత గురించి. అతనూ స్ట్రైకరే. టీనేజ్‌లోనే స్పెయిన్ వెళ్లి 2016లో లెగానెస్‌తో కాంట్రాక్టు రాసుకున్నాడు, లాలిగా క్లబ్బుతో రాసుకున్న తొలి భారతీయుడని పేపర్లు రాశాయి. ఆ తర్వాత పోబ్లా దె మఫుమెత్, లోర్కా లాంటి కింది క్లబ్బులు. 2020లో గోవాకి తిరిగొచ్చాడు, ఆఖర్లో దిగి గోల్ కొట్టేవాడిగా పేరు తెచ్చుకున్నాడు. అన్నేళ్లు అక్కడ ఉండి, భాష వచ్చి, కుర్ర వయసులోనే మొదలుపెట్టినవాడికే దారి ఇలా సాగింది. 19 ఏళ్లకి మొదలుపెట్టేవాడు ఆ లెక్క వేసుకోవాలి.

అకాడమీలు అన్నీ మోసం అనను. కొన్నింట్లో మంచి కోచ్‌లు ఉన్నారు, నేను కొన్నాళ్లు ఒకదాంట్లో వారానికి రెండు రోజులు చేశాను. కానీ వాళ్ల ఆదాయం మీ ఫీజు. స్పెయిన్ క్లబ్బు మీ తమ్ముడికి డబ్బిచ్చి ఆడించడం వేరు, మీరు డబ్బిచ్చి అతను స్పెయిన్‌లో ఆడడం వేరు. మొదటిదానికి పని చేసుకునే పర్మిట్ కావాలి, రెండోదానికి స్టూడెంట్ వీసా సరిపోతుంది. ఏజెంట్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, ఏ వీసా అని. రెండోది, ఆ "మూడో డివిజన్" పూర్తి పేరు స్పానిష్‌లో రాసివ్వమనండి, ప్రిమేరా ఫెదెరాసియోనా, తెర్సేరా ఫెదెరాసియోనా. మూడోది, ఆ అకాడమీ నుంచి గత మూడేళ్లలో క్లబ్బులో రిజిస్టర్ అయి లీగ్ మ్యాచ్ ఆడినవాళ్ల పేర్లు అడగండి. ఫెడరేషన్ సైట్లో మ్యాచ్ షీట్లు అందరికీ కనిపిస్తాయి, ఎన్ని నిమిషాలు ఆడారో మీరే చూడొచ్చు. నీళ్లు నమిలితే అక్కడే ఆగిపోండి.

ఒకవేళ వెళ్లడానికే నిర్ణయించుకుంటే, మొదటి ఏడాది భాష మీద పెట్టండి. మా తొమ్మిది ఇప్పుడు 35, ఆడడం ఆపలేదు, ఐదో మెట్టులో సొంతూరి క్లబ్బుకి ఆడుతూ పగలు స్కూల్లో పీఈటీ సారు. చదువు మధ్యలో ఆపకుండా డిస్టెన్స్‌లో పూర్తి చేశాడు, ఎనిమిది ఇళ్లు మారినా ఆ పుస్తకాల పెట్టె మాత్రం కారు ముందు సీట్లోనే పెట్టుకునేవాడు. మీ తమ్ముడి డిగ్రీ ఎక్కడ ఆగిందో మీరు రాయలేదు.

ఏజెంట్ ఇచ్చిన కాంట్రాక్టు కాపీ ఉంటే పేర్లు, నంబర్లు కొట్టేసి ఇక్కడే పెట్టండి. స్పానిష్‌లో ఉన్నా ఫర్వాలేదు, చదివి ఏ లైన్ దగ్గర జాగ్రత్తపడాలో చెప్తాను. డబ్బు మాత్రం అప్పటిదాకా కట్టకండి.